ఊరి సగటులో వాడ ఎక్కడ? బాసర నుంచి పంచాయతీ ప్రణాళికలను చూస్తే

బాసర అనగానే అందరికీ అక్షరాభ్యాసం గుర్తొస్తుంది. వసంత పంచమికి, నవరాత్రులకు ఎక్కడెక్కడి నుంచో తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకొని గోదావరి ఒడ్డుకు వస్తారు. పలక మీద మొదటి అక్షరం దిద్దించుకొని పోతారు. ఆ అక్షరం మన పూర్వీకులకు ఎన్ని తరాలు అందకుండా పోయిందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఈ వ్యాసంలో మేం ఇంకో రాత గురించి మాట్లాడదల్చుకున్నాం. అది గ్రామ పంచాయతీ రాసే రాత. ఊరికి ఏం కావాలి, ఎవరికి ముందు కావాలి, దేనికి ఎంత ఖర్చు పెట్టాలి అని తేల్చే ప్రణాళిక. ఆ ప్రణాళికకు ముందు ఒక సర్వే జరుగుతుంది. ఆ సర్వేలో వాడ ఏ రూపంలో కనబడుతోంది? అసలు కనబడుతోందా?

బాసరను తీసుకోవడానికి కారణం ఉంది. ముథోల్ ప్రాంతం 1956 దాకా నాందేడ్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనప్పుడు ఆదిలాబాద్‌లో కలిసింది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాసర నిర్మల్ జిల్లాలో ఒక మండలమైంది. గుడి ఉంది, రైలు స్టేషను ఉంది, గోదావరి ఘాట్లు ఉన్నాయి. 2008 నుంచి జనం ట్రిపుల్ ఐటీ అని పిలిచే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ ఉంది. ఇన్ని ఉన్న ఊరికి సగటు తీస్తే ఊరు బాగానే కనబడుతుంది. సగటు ఏం చూపిస్తుందో, ఏం దాస్తుందో మాట్లాడుకోవడానికి ఇది సరైన తావు. బాసర వాడల లెక్కలు మేమిక్కడ ఇవ్వబోవడం లేదు. ఆ లెక్క వాడే తీయాలి, వాడే చదవాలి అన్నదే మా వాదన.

చట్టం ఏం చెప్తోంది

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితో వచ్చిన 243జి అధికరణం పంచాయతీలు రెండు పనులకు ప్రణాళికలు వేయాలంది. ఒకటి ఆర్థికాభివృద్ధి, రెండు సామాజిక న్యాయం. ఈ రెండో మాటను మన పంచాయతీలు దాదాపు మరిచిపోయాయి. ప్రణాళిక అంటే సీసీ రోడ్డు, మోరి, వీధి దీపం అనే అర్థం స్థిరపడింది. రోడ్డు వద్దని ఎవరూ అనరు. ఆ రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతోంది అన్నది సామాజిక న్యాయం ప్రశ్న.

2015-16లో 14వ ఆర్థిక సంఘం నిధులు నేరుగా గ్రామాలకు రావడం మొదలయ్యాక గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తప్పనిసరి అయింది. అంతకుముందే 2014లో తెలంగాణ ప్రభుత్వం ‘మన ఊరు - మన ప్రణాళిక’ పేరుతో ఊరూరా అవసరాల జాబితాలు రాయించింది. 2018 నుంచి కేంద్రం ఏటా ప్రజా ప్రణాళిక ప్రచారం నడుపుతోంది. పద్ధతి స్థూలంగా ఇట్లా ఉంటుంది. మొదట ఊరి సౌకర్యాల మీద, కుటుంబాల మీద సమాచారం సేకరిస్తారు. దీనికి ‘మిషన్ అంత్యోదయ’ సర్వే ఒక ఆధారం. తర్వాత లోట్లు ఏమిటో గుర్తిస్తారు. వాటిని గ్రామసభలో పెట్టి, ఏది ముందు ఏది తర్వాత అని నిర్ణయిస్తారు. చివరికి ప్రణాళికను ‘ఈ-గ్రామస్వరాజ్’ అనే కంప్యూటర్ వ్యవస్థలోకి ఎక్కిస్తారు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం గ్రామసభ కనీసం రెండు నెలలకోసారి జరగాలి.

కాగితం మీద చూస్తే ఇది మంచి పద్ధతే. జనం గురించి తెలుసుకొని, జనాన్ని అడిగి, జనం క్షేమం కోసం ప్రణాళిక వేయడం. అయితే ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న అడగాలి. సమాచారం ఎవరు సేకరించారు? ఎవరి వాకిట్లో నిలబడి సేకరించారు? లోటు అని దేన్ని అన్నారు? గ్రామసభలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూలికి పోయారు? చాలా ఊళ్లలో గ్రామసభ ఉందని డప్పు కొట్టి చాటింపు వేసేది మాదిగ మనిషే. ఆ సభలో అతని మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుందా లేదా అన్నదే సామాజిక న్యాయానికి మొదటి పరీక్ష.

మార్కులు వేసే కాలం

ఇప్పుడు పంచాయతీలకు మార్కులు వేస్తున్నారు. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను గ్రామ స్థాయికి దించి తొమ్మిది అంశాలుగా చేశారు. పేదరికం లేని పంచాయతీ, ఆరోగ్య పంచాయతీ, పిల్లల పంచాయతీ, నీటి సమృద్ధి, పచ్చదనం పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక న్యాయం భద్రత, సుపరిపాలన, మహిళలకు అనుకూలమైన పంచాయతీ. వీటి మీద ‘పంచాయతీ అభివృద్ధి సూచిక’ తయారైంది. 435 స్థానిక సూచికలు పెట్టారు. 2022-23 సమాచారం మీద మొదటి నివేదిక 2025 ఏప్రిల్‌లో వచ్చింది. లెక్కలోకి వచ్చిన రెండు లక్షల పదహారు వేల పైచిలుకు పంచాయతీల్లో ముందంజలో ఉన్నవిగా తేలినవి 699. అందులో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. అంటే ఈ లెక్కలో తెలంగాణ దేశంలో రెండో స్థానంలో ఉంది.

సంతోషించాల్సిన విషయమే. కాకపోతే మార్కు వేసింది పంచాయతీకి, అంటే ఊరు మొత్తానికి. ఊరు మొత్తం అనేది మన దేశంలో ఒక సామాజిక వాస్తవం కాదు. ఊరు, వాడ అనేవి రెండు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవడానికి ఒప్పుకోలేదు. వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చాడు. గ్రామం గురించి ఆయన అన్న ఘాటైన మాటలు ఆనాడు చాలామంది సభ్యులకు కోపం తెప్పించాయి. డెబ్బై ఏడేళ్ల తర్వాత అదే గ్రామం ఒకే ఒక్క మార్కుతో మన ముందుకు వచ్చింది.

సగటు ఏం దాస్తుంది

ఒక లెక్క చేద్దాం. ఇది ఊహించి చెప్తున్న ఊరు, ఏ ఊరి లెక్కా కాదు. 400 ఇళ్ల ఊరు అనుకుందాం. ఊళ్లో 320 ఇళ్లు, వాడలో 80 ఇళ్లు. ఊళ్లో 300 ఇళ్లకు నల్లా నీళ్లు సరిగ్గా వస్తున్నాయి. వాడలో 20 ఇళ్లకే వస్తున్నాయి. మొత్తం కలిపితే 400లో 320, అంటే 80 శాతం. పంచాయతీకి మంచి మార్కే పడుతుంది. విడదీసి చూడండి. ఊళ్లో దాదాపు 94 శాతం, వాడలో 25 శాతం. 80 శాతం అన్న అంకె అబద్ధం కాదు. కానీ ఆ అంకె పట్టుకొని కూర్చుంటే వాడలో నీళ్లు రాని 60 ఇళ్లు ఎవరికీ కనబడవు. మిగిలిన 20 శాతం వచ్చే ఏడు చూద్దాం అంటారు. ఆ 20 శాతంలో నాలుగింట మూడు వంతులు ఒకే చోట, ఒకే కులాల మధ్య ఉన్నాయన్న సంగతి అంకెలో లేదు.

ఇంకో సంగతి. తెలంగాణలో పల్లెల్లో నూటికి నూరు ఇళ్లకు నల్లా కనెక్షన్లు ఇచ్చినట్టు 2021 నాటికే ప్రకటించారు. నల్లా ఉండటం ఒక లెక్క. నీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, ఎంతసేపు వస్తాయి, పైపు చివర ఉన్న ఇంటికి చేరేసరికి ధార ఎంత ఉంటుంది, మోటారు పెట్టి గుంజుకునే వాళ్లెవరు అన్నవి వేరే లెక్కలు. వాడలు చాలాచోట్ల పైపులైను చివరన ఉంటాయి. ‘నల్లా ఉందా? ఉంది’ అని రాసే కాలమ్‌కు పైపు చివర అనే మాట తెలియదు.

పని గురించి అడిగే కాలమ్ కూడా ఇట్లాంటిదే. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు ఇంట్లో కూర్చొని బీడీలు చుడతారు. సర్వే చేసే మనిషి వాకిట్లో నిలబడి ‘ఏం పని?’ అని మగవాళ్లను అడిగితే ‘ఇంట్లనే ఉంటది’ అంటారు. కాగితం మీద ఆమె గృహిణి అయిపోతుంది. ఆమె దగ్గు, ఆమె నడుము నొప్పి, ఆమె పీఎఫ్ ఏవీ ప్రణాళికలోకి రావు. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్ల సంగతీ అంతే. ఇంటి యజమాని పేరు ఉంటుంది, మనిషి దుబాయిలో ఉంటాడు. అప్పు ఇక్కడ ఉంటుంది. ఆ అప్పుకు కాలమ్ లేదు.

మన పోరాటంలో లెక్కలకు పాత స్థానం ఉంది

ఇదంతా చదివి సర్వేలే దండగ అనుకోవద్దు. అట్లా అనుకోవడం మన చరిత్రకు విరుద్ధం. 1928లో బహిష్కృత హితకారిణి సభ తరఫున అంబేడ్కర్ సైమన్ కమిషన్‌కు బొంబాయి రాష్ట్రంలో అణగారిన వర్గాల చదువు మీద ఒక ప్రకటన సమర్పించాడు. సర్కారు సొంత లెక్కలనే తీసుకొని, కులాల వారీగా విడదీసి, ఎవరి పిల్లలు ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో చూపించాడు. సర్కారు పుస్తకంతో సర్కారునే నిలదీసే పద్ధతి అది. హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వాన సాగిన ఉద్యమం 1931 జనాభా లెక్కల్లో ‘ఆది హిందువులు’ అన్న పేరును రాయించుకుంది. ఏ పేరుతో లెక్కలోకి ఎక్కాలి అన్నది కూడా పోరాటమే అని వాళ్లకు తెలుసు.

ఇతర దేశాల్లోనూ ఇదే అనుభవం ఉంది. అమెరికాలో నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ 1896-97లో ఫిలడెల్ఫియా నగరం ఏడో వార్డులో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీశాడు. నల్లవాళ్లే నగరానికి సమస్య అని పెద్దలు అనుకుంటున్న రోజులవి. సమస్య మనుషుల్లో లేదు, వాళ్లకు ఇచ్చిన పనిలో, ఇంట్లో, అద్దెలో, చరిత్రలో ఉందని ఆయన 1899లో వచ్చిన పుస్తకంలో చూపించాడు. మన దేశంలో 2006లో వచ్చిన ఒక అధ్యయనం 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం ఏ రూపాల్లో ఉందో నమోదు చేసింది. గుజరాత్‌లో నవసర్జన్ సంస్థ 1,589 గ్రామాల్లో చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. ఇట్లాంటి ప్రశ్నలు 435 సూచికల మధ్యకు తేవడం మన పని.

ఆదిలాబాద్‌కు ఈ విషయంలో సొంత పాఠం ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక గోండుల పరిస్థితి ఏమిటో తెలుసుకోవాలని నిజాం సర్కారుకు తోచింది. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో ఇక్కడికి వచ్చాడు. మార్లవాయిలో గోండీ బడి, ఉపాధ్యాయ శిక్షణ మొదలయ్యాయి. కొందరికి భూమి పట్టాలు వచ్చాయి. పరిశోధన పాలనను కదిలించిన సందర్భమే ఇది. కానీ వరుస చూడండి. ముందు జనం తిరగబడ్డారు, తర్వాత తుపాకీ పేలింది, ఆ తర్వాత గానీ పరిశోధన రాలేదు. ఆ వరుసను తిరగేయడానికే పంచాయతీ ప్రణాళిక పనికిరావాలి.

ముగ్గు ఎవరి వాకిట్లో వేస్తారు

1990ల నుంచి మన రాష్ట్రంలో జనభాగస్వామ్య పద్ధతులు అనేవి బాగా వ్యాపించాయి. ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం వేయడం, గింజలతో పేదరికాన్ని కొలవడం, అందరూ కూర్చొని ఎవరు నిరుపేదలో గుర్తించడం. వెలుగు, ఇందిరా క్రాంతి పథం కాలంలో మహిళా సంఘాల్లో పని చేసిన ప్రతి కార్యకర్తకూ ఇవి తెలుసు. చదువు రాని వాళ్లు కూడా పాల్గొనవచ్చు గనుక ఇవి మంచివే.

అయితే ఆ ముగ్గు ఎక్కడ వేశారన్నది ముఖ్యం. హనుమాన్ గుడి ముందు వేస్తే వాడవాళ్లు అంచున నిలబడతారు. పటేలు వాకిట్లో వేస్తే పటేలు పొలం పెద్దగా, వాడ చిన్న చుక్కగా వస్తుంది. అదే పటం వాడలో వేప చెట్టు కింద వేస్తే వేరే ఊరు బయటపడుతుంది. ఏ బావి దగ్గర ఆగాలి, ఏ హోటల్లో వేరే గ్లాసు పెడతారు, శవాన్ని ఏ దారిన తీసుకుపోవాలి, వానకాలంలో ఏ ఇల్లు ముందు మునుగుతుంది అన్నవి ఆ పటంలో ఉంటాయి. పద్ధతి ఒకటే, జాగ మారింది. జాగ మారితే జ్ఞానం మారుతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత మహిళా సంఘాలు 1990లలో చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బీడు పడ్డ భూముల్లో జొన్నలు పండించి సమాజ ధాన్య నిధి పెట్టారు. ఏ ఇంటికి ఎంత ధాన్యం ఇవ్వాలో తేల్చడానికి ఊళ్లోని ఇళ్లను పేదరికం మెట్ల వారీగా వాళ్లే లెక్కించారు. సర్కారు దారిద్య్రరేఖ కోసం ఎదురు చూడలేదు. సంఘం ఆడవాళ్లు లెక్క తీశారు, ఆ లెక్క మీద ధాన్యం కొలిచి ఇచ్చారు. లెక్కకూ గింజకూ మధ్య దూరం లేదు. అందుకే ఆ లెక్కకు విలువ వచ్చింది.

రెండో ఉదాహరణ సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2006 నుంచి ఇది జరిగింది. 2009లో దీనికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలి కుటుంబాల నుంచి వచ్చిన యువతీ యువకులు మస్టర్లు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, నీకెన్ని రోజులు పని దొరికింది, ఎంత డబ్బు ముట్టింది అని అడిగారు. ఆ లెక్కను అందరి ముందు గట్టిగా చదివారు. తిన్న డబ్బంతా వసూలు కాలేదు, అది వేరే సంగతి. కానీ కాగితం మీదున్న దాన్ని జనం ముందు చదవడం అనే ఒక్క పని అధికారులను చెమటలు పట్టించింది.

మూడోది కేరళ. 1996 ఆగస్టులో మొదలైన ప్రజా ప్రణాళికలో రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చారు. ప్రతి పంచాయతీ తన అభివృద్ధి నివేదికను తానే రాసుకొని అచ్చేసుకుంది. చేతిలో డబ్బు ఉంది గనుక పరిశోధనకు అర్థం వచ్చింది. అక్కడ కూడా దళితులు, ఆదివాసులు వెనకబడే ఉండిపోయారని విమర్శ వచ్చింది. ఊరంతా కలిసి చేసిన ప్రణాళిక వాడకు తనంతట తానే న్యాయం చేయదని దీన్నిబట్టి తెలుసుకోవాలి.

బాసరలో ఏ ప్రశ్నలు అడగాలి

ఇక బాసరకు వద్దాం. యాత్రికుల ఊళ్లో పంచాయతీ మీద రెండు రకాల బరువు ఉంటుంది. వచ్చిపోయే వాళ్లకు నీళ్లు, మరుగుదొడ్లు, దారులు కావాలి. ఉన్నవాళ్లకూ కావాలి. పండుగ ముందు ఏ వీధి ఊడుస్తారు, పండుగ తర్వాత ఆ చెత్త ఏ దిక్కున పోస్తారు? ఊడ్చేవాళ్లు ఎవరు, వాళ్ల ఇళ్లు ఎక్కడ? చెప్పులు, చేతికి తొడుగులు, జీతం తేదీ ఎట్లా ఉన్నాయి? ‘పచ్చదనం పరిశుభ్రత’ అంశం కింద ఊరి శుభ్రతను కొలుస్తారు. శుభ్రం చేసే మనిషి ఆరోగ్యాన్ని కూడా అదే కాగితం మీద కొలవాలని మేం అంటాం.

గోదావరి సంగతి. బాసర శ్రీరాంసాగర్ జలాశయం ఎగువ కొస మీద ఉంది. వానకాలంలో పైనుంచి వరద, కింద నిండిన జలాశయం. ఎండకాలంలో ఇసుక మేటలు. ఎగువన నాందేడ్ జిల్లాలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉంచాలి. ఇవన్నీ పెద్ద లెక్కలు. చిన్న లెక్క ఏమిటంటే, నీళ్లు ఏ మట్టానికి వస్తే ఏ గుడిసె మునుగుతుంది, పట్టా లేని కౌలుదారు సోయా, పత్తి మునిగితే నష్టం ఎవరి పేరున రాస్తారు? సర్వేలో భూమి ఎవరిదని అడుగుతారు, సేద్యం ఎవరిదని అడగరు. ఈ ఒక్క ప్రశ్న మారిస్తే పరిహారం జాబితానే మారుతుంది.

భాష సంగతి. ఈ సరిహద్దు పల్లెల్లో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినబడతాయి. మరాఠీ మాట్లాడే మహర్, మాంగ్ ఇంటికి తెలుగు ఫారం పట్టుకుపోతే జవాబు సగమే వస్తుంది. అట్లాగే వాడ అంటే ఒకటే అనుకోవద్దు. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ వర్గీకరణ చట్టం 59 షెడ్యూల్డ్ కులాలను మూడు గ్రూపులు చేసింది. రాష్ట్రం ఉద్యోగాలకు, చదువుకు ఈ తేడా గుర్తించినప్పుడు పంచాయతీ నల్లాకు, ఇంటి జాగకు గుర్తించకపోవడం ఏమిటి? ఊరు వాడను దాచినట్టే, పెద్ద వాడ చిన్న వాడను దాచే ప్రమాదం ఉంది. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట.

ట్రిపుల్ ఐటీ విద్యార్థులకు ఒక మాట. పల్లెల నుంచి, సర్కారు బడుల నుంచి వచ్చిన పిల్లలు మీరు. కంప్యూటర్‌లో పటం గీయడం మీకు వచ్చు. వాడ పెద్దమనిషి నోటి నుంచి వచ్చేది మీకు అర్థమవుతుంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం మన సమాజంలో అరుదు. మార్కుల ప్రాజెక్టు చేసి పోకుండా, తీసిన లెక్క కాపీ వాడకు ఇచ్చి పోయే పద్ధతి పెట్టుకోండి.

డబ్బు లేని లెక్క

లెక్క తీశాక డబ్బు ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం గ్రామ నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కట్టేసింది. మిగిలిన 40 శాతంలోనే పంచాయతీ తన ఇష్టం. పైగా తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి ఎన్నికైన సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, కేంద్ర నిధులు ఆగాయి. 2025 డిసెంబరులో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాక కొత్త పాలకవర్గాలు వచ్చాయి. ప్రణాళిక గురించి మాట్లాడటానికి ఇది తగిన సమయం.

పంచాయతీ చేతిలో లేని డబ్బు ఇంకోటి ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగల ప్రత్యేక అభివృద్ధి నిధి. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక చట్టం స్థానంలో 2017లో తెలంగాణ ఈ చట్టం చేసింది. జనాభా దామాషాలో కేటాయించాలి, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏటికి కలపాలి. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కుల సర్వేలో షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, తెగలు 10.45 శాతం అని తేలింది. కేటాయింపు రాజధానిలో జరుగుతుంది. ‘మా వాడలో ఇంత లోటు ఉంది, ఇదిగో లెక్క’ అని అడిగే గొంతు మాత్రం కింది నుంచే రావాలి. వాడ లెక్క వేరుగా లేకపోతే ఆ నిధి ఊరి రోడ్డులో కలిసిపోయినా పట్టుకోలేం.

2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే పాఠం కూడా ఇక్కడే ఉంది. దుబాయి, ముంబాయి నుంచి కూడా జనం ఊళ్లకు వచ్చి లెక్క రాయించుకున్నారు. ఆ సర్వే పూర్తి నివేదికను సర్కారు అధికారికంగా ప్రచురించలేదు. ఇచ్చిన వాళ్లకు తిరిగి రాని సమాచారం వెట్టి లాంటిదే. మన వాకిట్లోంచి తీసుకుపోయారు, ఫలితం చూపలేదు.

ఒక అభ్యంతరం, మా జవాబు

వాడను వేరుగా లెక్కిస్తే కులాన్ని పెంచినట్టు కాదా అని కొందరు అడుగుతారు. ఊరు బయట వేరుగా ఇళ్లు కట్టించినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఉన్న గోడను పటంలో చూపిస్తే గోడ కట్టినట్టు కాదు. ఇంకో అభ్యంతరం న్యాయమైనది. ఇంటి వివరాలు, అప్పులు, రోగాలు ఊరి పెద్దల చేతికి పోతే అవే మన మీద ఆయుధాలవుతాయి. అందుకే ఇంటి పేర్లు సంఘం దగ్గరే ఉండాలి, గ్రామసభకు పోయేది వాడ మొత్తం అంకెలే కావాలి. ఎవరు ఎవరికి అప్పు పడ్డారో సభలో చదవొద్దు.

ఏం చేయవచ్చు

గొప్ప పరిశోధన అక్కర్లేదు. ఒక నోటుబుక్కు, నలుగురు యువతీ యువకులు, రెండు ఆదివారాలు చాలు. మొదట వాడ పటం వాడలోనే వేయండి. పది ప్రశ్నలకు మించకుండా ఇల్లిల్లూ అడగండి. నీళ్లు, మోరి, ఇంటి జాగ, పని, పెన్షను, బడి, రోగం, శ్మశానం, దారి, అవమానం. ఆడవాళ్లను ఆడవాళ్లే, మగవాళ్లు లేనప్పుడు అడగాలి. అవే ప్రశ్నలకు ఊరి లెక్క పంచాయతీ కార్యదర్శి దగ్గర అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం (2005) ఉంది. రెండు అంకెలూ పక్కపక్కన ఒకే కాగితం మీద రాయండి. గ్రామసభకు ముందు రోజు రాత్రి వాడలో గట్టిగా చదవండి. తప్పులుంటే వాడే దిద్దుతుంది. మరునాడు గ్రామసభలో చదివి, తీర్మానంగా మినిట్స్‌లో రాయించండి. కాపీ తీసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అవే పది ప్రశ్నలు అడగండి.

దళిత వార్డు సభ్యులు, దళిత సర్పంచులు ఈ కాగితాన్ని తమ బలంగా తీసుకోవాలి. ఉపసర్పంచి ఒత్తిడి మధ్య, కాంట్రాక్టరు ఒత్తిడి మధ్య ఒంటరిగా నిలబడ్డ మనిషికి వెనకాల వాడ లెక్క ఉంటే ‘ఇది నా కోరిక కాదు, ఇది లెక్క’ అని చెప్పగలుగుతాడు, చెప్పగలుగుతుంది.

బాసరలో పలక మీద మొదటి అక్షరం పిల్లలు దిద్దుతారు, చెయ్యి మాత్రం పెద్దవాళ్లు పట్టుకుంటారు. పంచాయతీ ప్రణాళికలో మన చెయ్యి ఇంకొకరు పట్టుకొని రాయించే రోజులు పోవాలి. ఈ విషయం మీద ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ ఊళ్లలో తీసిన లెక్కలను, ఎదురైన ఇబ్బందులను మాకు రాస్తే చర్చ ముందుకు పోతుంది. మా పది ప్రశ్నల్లో తప్పులుంటే అవి కూడా రాయండి, దిద్దుకుంటాం.